నాలుగు గంటల వాలు

మధ్యాహ్నం మూడున్నరకి పానకాలు మోకాళ్ళు వంచాడు.

దేవుడికి దణ్ణం పెట్టడానికేమోనని ఎవరైనా అనుకుంటే అది దేవుడి అదృష్టం. ఆయన వంగింది పెసరట్టు పొయ్యడానికి. ఆరడుగుల మనిషి ఐదడుగుల ఎత్తుకి దిగి, గరిటె ఎడమచేత్తో పట్టుకుని, "ఊఁ, కానీ" అని సన్నగా నిట్టూర్చాడు. ఆ నిట్టూర్పు వినగానే పొయ్యిలో మంట రాజుకుంది. పెళ్ళాం బతికుండగా ఏనాడూ వంగని పెనిమిటి ఇవాళ పెనం ముందు వంగాడు.

గరిటెతో గిన్నె అంచుని మూడుసార్లు తట్టి, పిండిని పెనం మధ్యలో పోసి, కుడినుంచి ఎడమకి తిప్పాడు. నడుములో ఎవరో మేకు దిగ్గొట్టినట్టయింది. పళ్ళు బిగించాడు. మూలుగు గొంతుదాకా వచ్చి, అక్కడ అలవాటైన గదిలోకి వెళ్ళి కూర్చుంది. అట్టు గుండ్రంగా, పల్చగా, అంచులు కరకరలాడుతూ వచ్చింది. అచ్చం సామ్రాజ్యం పోసిన అట్టే.

సామ్రాజ్యం ఆయన భార్య పేరు. ఆ సామ్రాజ్యం పోయి ఏడాదయింది. మొన్ననే సంవత్సరీకం పెట్టారు.

రేపల్లెకి ఒద్దిక వచ్చి ముప్ఫయ్యేళ్ళయింది. పేరులోనే రేపు ఉన్న ఊరు గనక ఏదొచ్చినా అక్కడికి ఎల్లుండే వస్తుందని చుట్టుపక్కలవాళ్ళు ఎగతాళి చేసేవాళ్ళు. ఒద్దిక మాత్రం చెప్పిన వేళకే వచ్చింది. ఒద్దికపొర అంటే ఉల్లిపొరంత పల్చటి తొడుగు. గిన్నెకి వేసినా, గొళ్ళేనికి వేసినా, వంటగట్టుకి వేసినా, వాడేవాళ్ళ చెయ్యి ఎక్కడ తడబడిందో, ఎక్కడ విసుక్కుందో, ఎక్కడ "అబ్బా" అందో ఆ పొర కనిపెడుతుంది. మర్నాటికి అక్కడ తడబాటు లేకుండా వస్తువే మారిపోతుంది. బిగుసుకున్న మూత వదులవుతుంది. అందని అర కిందికి దిగుతుంది. పూర్వం మనుషులు వస్తువుల్ని నేర్చుకునేవాళ్ళట. కొన్న ప్రతిదానితోనూ ఓ చిన్న పుస్తకం వచ్చేదట, అది చదివినా బోధపడక పక్కింటివాళ్ళని పిలిచేవాళ్ళట. ఇప్పుడు వస్తువులే మనుషుల్ని నేర్చుకుంటున్నాయి. 'తడబడితే తప్పు చేతిది కాదు' అని గోడల మీద రాశారు. ఆ మాట చదివి లోకమంతా చేతులు దులుపుకుంది.

ఆ పొరకి ఒక్కటే కన్ను. అది కష్టాన్నే చూస్తుంది. కష్టం లేనిచోట వేలుపెట్టదు. కనిపెట్టిన కష్టాన్ని ఎవరికీ చెప్పదు కూడా. కష్టం తియ్యమని దాన్ని తయారుచేశారు గానీ చాడీలు చెప్పమని కాదు.

సామ్రాజ్యం ఎడమచేతివాటం మనిషి. ఐదడుగుల ఎత్తు. ఆయనకీ ఆవిడకీ పెళ్ళినాడు ఏడడుగులు కలిశాయి, ఒక్క అడుగు తేడా మాత్రం అలాగే ఉండిపోయింది. ఇరవయ్యారేళ్ళ కాపురంలో ఇంట్లో ప్రతి వస్తువూ ఆవిడ చేతికి ఒదిగింది. పానకాలుకి వంటింట్లో పనేముంది? ఆయన పని లాకుల దగ్గర. కాలవ నీళ్ళకి లాకు వెయ్యగలడు గానీ నోటికి వెయ్యలేడని ఊళ్ళో పేరు. పని దిగి మూడున్నరకి ఇంటికొచ్చి, వంటింటి గుమ్మంలో ముక్కాలిపీట మీద కూర్చుని, ఆ రోజు అల్లిన మాటలన్నీ విప్పేవాడు.

"సామ్రాజ్యం ఉన్నవాణ్ణి. నాకు కిరీటమేదీ?" అనేవాడు.

"ఆ టీ గ్లాసు బోర్లించుకోండి" అనేది ఆవిడ.

ఆయన శ్లేషలకి ఊళ్ళో జనం పారిపోయేవాళ్ళు. ఆవిడ నవ్వేది. మొదట్లో వెంటనే నవ్వేది. చివరి నాలుగైదేళ్ళలో కాస్త ఆలస్యంగా. ఆయన మాట విసిరి మనసులో ఒకటి, రెండు అని లెక్కపెట్టుకునేవాడు. పది దాటి, ఒక్కోసారి పన్నెండుకి నవ్వు వచ్చేది. తన శ్లేషలకి లోతు పెరిగిందనీ, నవ్వు అడుగునుంచి పైకి రావడానికి ఆ మాత్రం సమయం పడుతుందనీ పానకాలు మురిసిపోయేవాడు.

ఎముకలో పుట్టిన జబ్బు అది. బయటపడ్డ నాలుగు నెలలకే మనిషి పోయింది. "ఇన్నాళ్ళూ నొప్పి తెలీలేదా అమ్మా?" అని డాక్టరు అడిగితే, "ఇంట్లో ఎక్కడా ఇబ్బందిగా లేదండీ" అంది. ఆ మాట ఆ రోజు నిజాయితీగానే వినపడింది.

ఆవిడ పోయిన తొమ్మిదోరోజు పానకాలు తనంతట తాను అన్నం వండుకున్నాడు. వంగలేక ఓసారి ఉసూరుమన్నాడు. మర్నాడు పొద్దున చూస్తే వంటగట్టు ఒక వేలెడు పైకి లేచి ఉంది. ఆయనకి కాళ్ళకింద నేల కదిలినట్టయింది. గట్టు ఆయన్ని నేర్చుకుంటోంది. ఆయన్ని నేర్చుకోవడమంటే ఆవిణ్ణి మరిచిపోవడమే.

ఆ రోజే తీర్మానించుకున్నాడు. గట్టు తనకి ఒదగకూడదు, తనే గట్టుకి ఒదగాలి. కానీ నేర్చుకునేటప్పుడు తడబడితే పొర పట్టేస్తుంది. అందుకని పెరట్లో పొర లేని పాత బండరాయి ముందు మోకాళ్ళు వంచి, పొర లేని కర్రగరిటె ఎడమచేత్తో పట్టుకుని, నెలరోజులు ఉత్తుత్తి అట్లు పోశాడు. గోడ అవతలివాళ్ళు పాపం మతిపోయిందనుకున్నారు. ఆయనకి మతి పోలేదు, చెయ్యే పోయింది. తన చెయ్యి పోయి ఆమె చెయ్యి వచ్చింది. నిట్టూర్పు కూడా నేర్చుకున్నాకే మళ్ళీ వంటింట్లో అడుగుపెట్టాడు. వారంలో గట్టు వేలెడు దిగి, పాత ఎత్తుకొచ్చి ఆగింది. అప్పట్నించీ ఇంట్లో ఆయన ఒక్కసారి కూడా మూలగలేదు.

"బావా! ఉన్నావా, అట్టులో కలిసిపోయావా?"

గుమ్మంలోంచి కేక. మరదలు భ్రమరాంబ. సామ్రాజ్యానికి రెండేళ్ళు చిన్న. చీరాలనించి గాలిరైల్లో అరగంట ప్రయాణం. ఆమె వెనకాల సంచీ తగిలించుకుని, చెప్పులు బయటే విడిచి, నలభయ్యేళ్ళ మనిషి ఒకాయన నిలబడ్డాడు.

పానకాలు నిటారుగా లేవబోయాడు. సగం దాకా లేచి ఆగిపోయాడు.

"చూడండి మరియదాసు గారూ, మా బావ వాలకం" అంది భ్రమరాంబ. "కొడవలికి కాళ్ళొచ్చినట్టు లేడూ? ఇదీ వరస. ఏడాదినించీ."

"ఈయనెవరు?"

"విప్పరి. నేనే పిలిపించా. పోయినోళ్ళ చేతిని ఏడాదికి విప్పించాలని పురపాలకం నియమం ఉందిగా. నీ అంతట నువ్వు పిలవ్వని నాకు తెలుసు."

చనిపోయినవాళ్ళ చేతికి ఒదిగిన వస్తువుల్ని విప్పి, బతికున్నవాళ్ళకి ఒదిగేట్టు చేసేవాణ్ణి విప్పరి అంటారు. ప్రతి ఊరికీ ఒకరో ఇద్దరో ఉంటారు. చావు ఇంటికి వెళ్ళేవాళ్ళు గనక వాళ్ళకి గట్టిగా మాట్లాడటం రాదు.

"నమస్కారమండీ" అన్నాడు మరియదాసు.

"ఏం విప్పుతారండీ? ఇక్కడ చిక్కుపడిందేమీ లేదు. అట్టు తిని వెళ్ళండి."

"అట్టు సంగతి తర్వాత. నీ నడుం సంగతేంటి?" అంది భ్రమరాంబ. "మొన్న సంవత్సరీకంలో పిండం పెట్టడానికి కూర్చుని లేవలేకపోయావు. పురోహితుడు చెయ్యందిస్తే లేచావు. నేను చూళ్ళేదనుకున్నావా? ఇదిగో బావా, ఇవాళ ఇది విప్పించుకోకపోతే నిన్ను చీరాల తీసుకుపోయి మా ఇంట్లో పడేస్తా. ఈ ఇంటికి తాళం."

"తాళం వేస్తే రాగం నేను తీస్తా."

"తియ్యి! నీ రాగానికి భయపడే మా ఆయన ఇంకో గది కట్టించాడు."

పానకాలు నవ్వలేదు. రెండు చేతులూ బార్లా చాపి, పెనానికి అడ్డంగా నిలబడ్డాడు. "భ్రమరా, ఈ గట్టు మీద మీ అక్క చెయ్యుంది. ఇంకెక్కడా లేదు. ఫొటోలో మొహముంది, బీరువాలో చీరలున్నాయి. చెయ్యి మాత్రం ఇక్కడే ఉంది. పొద్దున్నే నేను దాన్ని పట్టుకుంటున్నాను. నీకేం నష్టం?"

భ్రమరాంబ మొహం ఒక్క క్షణం సడలింది. వెంటనే బిగించుకుంది. "కానివ్వండి మరియదాసు గారూ."

ఆయన సంచీలోంచి జానెడు జాడకడ్డీ, దానికి జోడీగా చిన్న పలక తీశాడు. గొళ్ళేనికి ఆనించి పలక చూశాడు. నీళ్ళబిందెకి ఆనించాడు. గరిటెకి, పెనానికి, గట్టుకి. మళ్ళీ గొళ్ళేం దగ్గరికి వెళ్ళాడు.

"ఇంట్లో ఎంతమంది ఉంటారు సార్?"

"నేనొక్కణ్ణే."

"పలక కూడా ఒక్కరే అంటోంది." మరియదాసు గొంతు ఇంకా తగ్గింది. "ఆడమనిషి. ఐదడుగులు. ఎడమచేతివాటం. ఇవాళ పొద్దున ఆరూ పదికి కాఫీ కలిపారు."

భ్రమరాంబ ముక్కాలిపీట మీద కూలబడింది. కిసుక్కున నవ్వు వచ్చింది, నవ్వు మధ్యలోనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"పదకొండేళ్ళనించి ఈ పని చేస్తున్నాను సార్" అన్నాడు మరియదాసు. "వాడకుండా దాచుకున్నవాళ్ళని చూశాను. ఆర్నెల్లకి పొర ఎండి రాలిపోతుంది. వాడుకున్నవాళ్ళని చూశాను. పది పదిహేను రోజుల్లో వస్తువు వాళ్ళదైపోతుంది. వాడుతూ దాచినోళ్ళని మాత్రం మిమ్మల్నే చూడ్డం. ఎట్టా చేశారు?"

"వంగాను."

"ఏడాదీనా?"

"ఏడాదీ."

మరియదాసు జాడకడ్డీని తుడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. "ఒక చేతిని విప్పి ఇంకో చేతికి ఇచ్చేది నా పని. ఇక్కడ ఇంకో చెయ్యి లేదు. పొర దృష్టిలో మీరు ఈ ఇంట్లో లేరు సార్. అమ్మగారున్నారు. బతికున్నవాళ్ళ చేతిని నేను విప్పకూడదు."

పానకాలు మొహం వెలిగింది. "విన్నావా భ్రమరా! మరియదాసు గారు మర్యాదగా చెప్పారు. మీ అక్క ఉంది, నేనే పోయాను. కావాలంటే నాకే సంవత్సరీకం పెట్టించు!"

"నోర్ముయ్" అంది భ్రమరాంబ. మరదలి హక్కు అది.

సరిగ్గా అప్పుడే గోడమీద నాలుగైంది. వంటగట్టు కుడి మూల చప్పుడు లేకుండా వేలెడెత్తు లేచి, కొద్దిగా లోపలికి వాలింది. పానకాలు అలవాటుగా ఆ మూలకి వెళ్ళి, మోకాళ్ళు వంచి, తుంటి దానికి ఆనించాడు. ఏడాదిలో ఆయన నడుం నొప్పి పెట్టకుండా ఉండే చోటు అదొక్కటే.

"ఇదేంటి సార్?"

"అది ఆవిడ విశ్రాంతి. రోజూ నాలుక్కి. నేను ఆ పీట మీద కూర్చుని కబుర్లు చెప్తుంటే ఇట్టా ఆనుకుని వినేది. గట్టుకి ఆ గుట్టు తెలుసు."

మరియదాసు కడ్డీని ఆ మూలకి ఆనించాడు. చాలాసేపు పలక చూశాడు. పైకి జరిపాడు, కిందికి జరిపాడు.

"విశ్రాంతి కాదు సార్."

"అంటే?"

"పొరకి విశ్రాంతి తెలీదు. దానికి తెలిసింది కష్టమే." పలక మీదినించి కళ్ళెత్తకుండా చెప్పాడు. "ఐదేళ్ళ కిందట మొదలైంది. నాలుగు గంటలప్పుడే. మొదటిరోజు కుడికాలి మీద బరువు ఆపలేక ఎడమకాలి మీదికి మారారు. రెండోరోజూ అంతే. మూడోరోజు రెండు చేతుల్తో గట్టు పట్టుకుని నిలబడ్డారు. ఊపిరి బిగబట్టి. ఆ మర్నాడు గట్టు లేచి తుంటిని మోసింది. నొప్పి అణిగేదాకా ఆనుకుని ఉండేవారు. తర్వాత ఇక్కడ కష్టం కనపడలేదు."

"ఎంతసేపు?" అన్నాడు పానకాలు.

"సార్?"

"నొప్పి అణగడానికి. ఎంతసేపు ఆనుకునేది?"

"పది పన్నెండు క్షణాలు."

పానకాలు పెదవులు కదిలాయి. ఒకటి, రెండు, మూడు. మధ్యలో ఆగిపోయాయి.

ముక్కాలిపీటకీ గట్టుకీ మధ్య దూరం మూడు బారలు. నాలుగేళ్ళపాటు ఆయన ఆ పీట మీద కూర్చుని మాటలు విసిరాడు. ఆవిడ ముందు నొప్పిని దాటనిచ్చి, తర్వాత నవ్వింది. ఎవరూ ఆయనకి అబద్ధం చెప్పలేదు. ఆవిడ దాచాలనుకుందో లేదో కూడా తెలీదు. కాలు నొప్పెట్టింది, గట్టు వచ్చి ఆనుకుంది, ఇంక మొగుడితో చెప్పేందుకేం మిగిలింది? ఇల్లంతా అంత సుళువుగా ఉంటే "ఏమండీ" అని పిలవాల్సిన అవసరం ఎక్కడ పడుతుంది? పొర నొప్పినేమీ తియ్యలేదు. నొప్పికి ఉండే నోరు తీసేసింది.

గట్టు ఎత్తు, గరిటె వాటం, నిట్టూర్పు బరువు అన్నీ ఆయన నేర్చుకున్నాడు. ఏడాదిపాటు ఆ నొప్పి మీదే తుంటి ఆనించి నిలబడ్డాడు, అది హాయనుకుని.

"ఒక్కసారి అబ్బా అని ఉంటే" అన్నాడు. "ఒక్కసారి. నాకు వినపడేట్టు."

మరియదాసు పలక సంచీలో పెట్టేశాడు. పెనం మీద అట్టు మాడి వాసనొచ్చింది.

భ్రమరాంబ కళ్ళు తుడుచుకుని అంది: "ఆకలేస్తోంది బావా. మధ్యాహ్నం తినకుండానే బండెక్కా. ఒక్క అట్టు పొయ్యి. అక్క పోసినట్టే పొయ్యి."

పానకాలు మాడిన అట్టు తీసేసి పెనం ముందుకొచ్చాడు. మోకాళ్ళు వంచాడు. ఎడమచేత్తో గరిటె తీసుకున్నాడు. "ఊఁ, కానీ." మంట రాజుకుంది. గిన్నె అంచుని మూడుసార్లు తట్టి పిండి పోసి తిప్పబోయేసరికి నడుములో మేకు దిగింది. పళ్ళు బిగుసుకున్నాయి. మూలుగు గొంతులోకొచ్చి, తన గది తలుపు తీసుకుని లోపలికి వెళ్ళబోయింది.

ఆయన తల తిప్పి మరదలికేసి చూశాడు. ఆమె అట్టుకేసి చూడటం లేదు. ఆయన నడుంకేసి చూస్తోంది, ఎవరైనా ఏదైనా చెప్తారేమోనని కాసుకుని కూర్చున్నట్టు.

"అబ్బా!" అన్నాడు పానకాలు.

గట్టు ఉలిక్కిపడ్డట్టు కదిలింది.

"ఏంటి బావా?"

"నొప్పే. నడుమే భ్రమరా. ఆర్నెల్లనించి."

మర్నాటిదాకా ఆగకుండా గట్టు అప్పటికప్పుడే వేలెడు లేచింది.

"పడుకుంటే తిరగలేను. కూర్చుంటే లేవలేను."

ఇంకో వేలెడు.

"ఎడమచెయ్యి తిమ్మిరెక్కుతోంది. రెండు వేళ్ళు మొద్దుబారాయి. మోకాళ్ళు రెండూ పోయాయి. ఓరి నాయనో, చచ్చిపోతున్నానమ్మా నేను!"

ఏడాది దాచిన మూలుగంతా ఒక్కసారిగా బయటపడింది. అసలే పెద్ద గొంతు. గోడ అవతలివాళ్ళు కిటికీ తెరిచారు. ఆయన మూలిగినప్పుడల్లా గట్టు లేస్తోంది, గరిటె పిడి పొడుగవుతోంది, అర పైకి జరుగుతోంది. పానకాలు రెండు చేతులూ గట్టు మీద ఆనించి, దాంతోపాటే నెమ్మదిగా పైకి లేచాడు. ఏడుస్తూనే లేచాడు. భ్రమరాంబ వచ్చి వెనకనించి ఆయన నడుం మీద అరచెయ్యి వేసి గట్టిగా అదిమింది.

"ఇక్కడా?"

"కొంచెం కింద."

"ఇక్కడ?"

"ఆఁ. అక్కడే."

అట్టు ఎవరూ తిప్పకుండానే కాలింది. గుండ్రంగా రాలేదు. ఒకవైపు మందం, ఒకవైపు చిల్లు. భ్రమరాంబ దాన్నే తుంచుకుని తింది, ఏ వంకా పెట్టలేదు.

మరియదాసు చెప్పులు తొడుక్కోబోతూ మళ్ళీ లోపలికి వచ్చాడు. "సార్, ఇది చూశారా?"

గట్టంతా జానెడు పైకి లేచి ఆగింది. కుడి మూల మాత్రం కదల్లేదు. పక్కనంతా ఎత్తుకెళ్ళగా అదొక్కటీ పాత ఎత్తులోనే, కింది మెట్టులా మిగిలిపోయింది.

"చెడిందా?"

"లేదు సార్. అక్కడ మీకెప్పుడూ కష్టం లేదుగా. కష్టం లేనిచోట పొర వేలుపెట్టదు." ఆ మూలని అరచేత్తో తడిమాడు. "ఆ ఒక్కచోటా మీ ఇద్దరి చెయ్యీ ఒకటే. దాన్ని నేను కూడా విప్పలేను."

వాళ్ళిద్దరూ వీధిలోకి వెళ్ళాక, పానకాలు గట్టు ముందు నిటారుగా కాసేపు నిలబడ్డాడు. గరిటె కుడిచేతిలోకి తీసుకున్నాడు. అది ఎవరిదో గరిటెలా ఉంది. పక్కన పెట్టేశాడు. తర్వాత కుడి మూలకి వెళ్ళి, మోకాళ్ళు మెల్లిగా వంచి, తుంటి ఆనించి, ఖాళీగా ఉన్న ముక్కాలిపీటకేసి చూశాడు. ఆవిడ రోజూ ఇక్కడినించే తనని చూసేదన్నమాట.

"గట్టు పైకెక్కింది సామ్రాజ్యం" అన్నాడు. "నేనే గట్టెక్కలేదు."

అని, పన్నెండు దాకా లెక్కపెట్టాడు.